కాలిన తీగతో చుట్టిన కాయిల్

నాయినా,

కొత్తగూడలో నేను బాగానే ఉన్నాను. ఫోన్ సిగ్నల్ అందక కార్డు రాస్తున్నాను.

మొన్న పొద్దుగూకేవేళ గూడెంలో బాలింతను చూసి సైకిల్ మీద వస్తుంటే, మలుపులో ట్రాక్టరాయనకు నేను కనబడలేదు. తప్పించుకోబోయి కాలువలో పడ్డాను. మోకాలు దోక్కుపోయింది, అంతే. నేను అద్దెకుంటున్న ఇంటి లచ్చమ్మ, "నర్సమ్మా, గీ కొలువు ఇడిసిపెట్టి మీ ఊరికి పోరాదు" అన్నది. నువ్వూ అదే అంటావు. నేను రాను.

సైకిల్‌కు లైటు లేదు, టార్చి ఛార్జింగ్ పెడదామంటే ఇక్కడ కరెంటు నమ్మకం లేదు. అందుకని పాత స్పీకర్ల అయస్కాంతాలు ముందు చక్రం స్పోకులకు కట్టి, వాటి పక్కనే ఫోర్కుకు కాయిల్ బిగించాను. చక్రం తిరిగితే చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలగాలి. వెలగలేదు. తప్పు నాదే. మన కేసముద్రం షాపులో కాలిన మోటార్ల నుంచి నువ్వు ఊడదీసిన తీగ, నీకు చెప్పకుండా తెచ్చి చుట్టాను. పైపూత కాలిపోయిన తీగ కదా, చుట్లన్నీ ఒకదానికొకటి తగిలి షార్టయి కూర్చున్నాయి. "కాలిన తీగ తూకానికే పనికొస్తది బిడ్డా" అని నా చిన్నప్పుడే చెప్పావు.

శనివారం మా ఆసుపత్రికి వచ్చే మందుల ఆటోలో పావుకిలో సన్న తీగ పంపు, కొత్తది. అవ్వ కంట్లో చుక్కలు వేయించుకుంటున్నదా? నా గొడుగు కూడా పంపు.

షాపులో నన్ను ఒక్కనాడూ మోటార్లకు తీగ చుట్టే వైండింగ్‌కు కూర్చోనివ్వలేదు. "ఆడపిల్లవు, నీకెందుకు గీ పని" అనేవాడివి. కాయిల్ నువ్వే చుట్టి పంపుదామనుకుంటావేమో, పంపకు. పంపితే అదే ఆటోలో వాపస్ పంపిస్తాను. తీగ చాలు.

అవ్వకూ నీకూ దండాలు.

నీ బిడ్డ
సౌందర్య