పెట్టెల మేస్త్రీ భార్యకు పెట్టె వద్దట

సమాధుల స్థలాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్యను పెట్టె, సిమెంటు లేకుండా నేరుగా మట్టిలో పూడ్చుటకు ముందస్తు అనుమతి కోరుట గురించి. (సదరు భార్య ప్రస్తుతం బతికే ఉన్నది.)

1. నేను ముప్పై ఒక్క సంవత్సరాలుగా శవపేటికలు చేయు వడ్రంగిని. తమ స్థలంలో ఉన్నవారిలో సగం మంది నా చేతి పెట్టెల్లోనే ఉన్నారు. ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. మొదటి ఫిర్యాదు నా ఇంట్లోంచే వచ్చినది.

2. పెట్టెల లోపలి గుడ్డ కుట్టేది నా భార్యే. గుండె జబ్బు ముదిరిందని, ఇక నెలలేనని డాక్టరు చెప్పిన రోజున ఆమె కుట్టు మిషను దగ్గర కూర్చుని, "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. నన్ను మీ పెట్టెలో మాత్రం పెట్టకండి" అన్నది. నాకు కోపం వచ్చినది. టేకుతో చేస్తానన్నాను.

"నాతో పాటు ఆ చెట్టును కూడా పూడ్చడం ఎందుకు? వార్నిషు, మేకులు, పైన సిమెంటు, అన్నీ నేలకు చేటే. మట్టిలో కలవడానికి ఇన్నిటిని దాటుకుని పోవాలా? నూలు దుప్పటి చుట్టి పెట్టండి. పైన రాయి వద్దు, ఒక మొక్క నాటండి" అన్నది.

రెండు రోజులు టేకు పలకలకు చిత్రిక పడుతూ కూర్చున్నాను. మూడో రోజున, ఆమె మాటల్లో తప్పు వెతికి దొరకక, దరఖాస్తు ఫారం తెచ్చినాను.

3. సదరు ఫారంలో "పెట్టె కొలతలు" అను గడి ఖాళీగా ఉన్నదని తమ గుమాస్తా గారు తిప్పి పంపినారు. "లేదు" అని రాసి మళ్ళీ ఇచ్చినాను. "లేదు అనేది కొలత కాదు కదండీ" అన్నారు. అదీ న్యాయమే.

4. పిమ్మట నా భార్య స్వయంగా వచ్చినది. తమ కార్యాలయం మెట్లు పద్దెనిమిది. మూడు చోట్ల ఆగినది. గుమాస్తా గారు మర్యాదగా కుర్చీ వేసి, "చనిపోయాక పెట్టుకోవాలమ్మా దరఖాస్తు. ముందు తీసుకోం" అన్నారు.

"అప్పుడు కూడా వస్తాను బాబూ, తప్పదు కదా. కానీ మీరడిగేవాటికి జవాబు చెప్పలేను" అన్నది.

ఆయన నవ్వు ఆపుకుని, నియమావళి తీసి మొదటి నుండి చదివినారు. పెట్టె తప్పనిసరి అని ఎక్కడా లేదు. తమ సంతకం ఒక్కటి ఉంటే చాలునట.

5. సమాధుల స్థలంలో తూర్పు గోడ పక్క నేలలో సిమెంటు నిలవదని వదిలేసినారు. అక్కడి మట్టిని నా భార్య చేత్తో తీసి చూసి, వానపాములున్నాయని సంతోషించినది. ఆ చోటు ఇప్పించగలరు.

నిన్న దుప్పటి కుట్టడం పూర్తయినది. పొడవు చూడమని కప్పుకుని నిలబడినది. ఎందరికో కొలతలు తీసినవాడిని, టేపు తీయకుండా కంటితోనే చూసినాను. "సరిపోయిందా?" అని అడిగినది. "కాస్త పొడవైంది" అన్నాను. "దానికేం, మడిచి కుడతాను" అన్నది.

కావున ఈ విన్నపమును దయతో చిత్తగించి, సంతకము చేయవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
పెట్టెల మేస్త్రీ

తా.క.: తొందరేమీ లేదని రాయమని ఆమె పక్కనుండి చెప్పుచున్నది. అనుమతి మాత్రం ఈ వారంలోనే ఇప్పించండి. దానిని వాడుకోవడం ఎన్నేళ్ళు ఆలస్యమైనా నాకేమీ అభ్యంతరం లేదు.