గురువారం శవపేటికల క్లబ్బు

ఒపోటికి,
సోమవారం

నైరీ అక్కకు,

తమ్ముడు మర్విన్ రాయునది. నాన్న పడవ గొడవ తర్వాత పదేళ్లుగా నీకు రాయలేదు. నువ్వు మాత్రం రాశావా? సరే, పోనీ.

పాల ట్యాంకరు నడిపే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా డాక్టరమ్మ, "ఏదైనా సరదా పని పట్టవయ్యా మర్విన్, అలా కుర్చీకి అతుక్కుపోతే ఎలా?" అంది. శవపేటికల క్లబ్బులో చేరాను. గురువారం గురువారం ఊరి హాల్లో చేరి ఎవరి పేటిక వాళ్లం చేసుకుంటాం. మధ్యలో టీ, వేడి స్కోన్లు. జన్మలో మొదటిసారి మేకు వంకరపోకుండా కొట్టాను. చెప్పుకోవడానికి నువ్వే గుర్తొచ్చావు.

తమ్ముడు,
మర్విన్

తా.క. నిన్న లోపల పడుకుని చూశాను. భుజాల దగ్గర కాస్త బిగుతు. చిక్కితే సరిపోతుంది.

గోర్,
శుక్రవారం

ఒరేయ్ మర్విన్,

అక్క దగ్గరా దాపరికం? ఒంట్లో బాగున్నవాడెవడూ తన శవపేటికకు తానే మేకులు కొట్టుకోడు. చేపల వాసనే పడని నేను, చేపల పడవ కోసం నీతో పదేళ్లు మాట్లాడలేదు. నా బుద్ధి గడ్డి తింది. పడవ నీదే, లారీలో పంపుతున్నాను. డాక్టరమ్మ ఏమంటోందో ఉన్నదున్నట్టు రాయి.

కళ్లు తుడుచుకుంటూ,
నీ అక్క నైరీ

తా.క. నువ్వు చిక్కొద్దు. పేటికనే వెడల్పు చేసుకో.

ఒపోటికి,
బుధవారం

అక్కా,

పడవ చేరింది. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. నీ మనసు ఇంత మంచిదని తెలిస్తే ఈ క్లబ్బులో ఎప్పుడో చేరేవాణ్ణి.

డాక్టరమ్మ మందులు ఆపేసింది. ఇక తన దగ్గరికి రానక్కర్లేదంది. ఏం తినాలనిపిస్తే అది తినమంది.

నీ
మర్విన్

తా.క. క్లబ్బులో బెవర్లీ అనే ఆవిడ పేటిక లోపలికి పూల గుడ్డ కుట్టిపెట్టింది. ఇక మూత ఒక్కటే మిగిలింది.

గోర్,
ఆదివారం

నాయనా మర్విన్,

మందులు కూడా ఆపేశారా! నీ అంత్యక్రియల్లో నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది నేనే కదా, అవి రాసుకుందామని కలం పట్టుకున్నాను. ఇక ఆగితే ఒట్టు. కిరాణా చీటీ తప్ప రాసి ఎరగని దాన్ని, ఇప్పుడు పొద్దున లేస్తే ఇదే పని. స్టవ్ మీద కూర మాడినా తెలియడం లేదు.

నీ దిక్కులేని అక్క,
నైరీ

తా.క. నీలో మంచి గుణాలు ఇంకేమైనా ఉంటే వెంటనే రాయి. నాకు తెలిసినవి మొదటి పేజీలోనే అయిపోయాయి.

ఒపోటికి,
శనివారం

నైరీ అక్కా,

చచ్చేదెవరు? రక్తపోటు దిగిందని మందులు ఆపింది! కుర్చీ వదిలి లేచాను కదా, అందుకు దిగింది. మా క్లబ్బులో ఎవరికీ తొందర లేదు. నా పేటికలో ప్రస్తుతం గాలాలు పెట్టుకుంటున్నాను.

నిన్ను ఏడిపించినందుకు సిగ్గుగా ఉంది. పడవ తిరిగి కావాలంటే చెప్పు. కానీ ముందు నిన్ను చూడాలి. వచ్చే వారమే బయల్దేరి వస్తున్నాను.

తమ్ముడు,
మర్విన్

తా.క. మంచి గుణం: తిన్న గిన్నెలు నేనే కడుక్కుంటాను.

గోర్,
గురువారం

ఒరేయ్ మర్విన్,

బతికున్నావని చదివి వంటింట్లో కూలబడి ఏడ్చాను. పడవ మాట ఇక ఎత్తకు. నువ్వుంటే చాలు నాకు.

అయితే గోర్ మాత్రం రాకు. నీ ఉత్తరం అందేలోపే నీ గురించి రాసింది మహిళా సంఘం ఉపన్యాసాల పోటీలో చదివాను. ఎలాగూ పోతావు కదా అని కాస్త ముందే పోయావన్నాను. మొదటి బహుమతి ఇచ్చారు. వచ్చే నెల క్రైస్ట్‌చర్చ్‌లో ఫైనల్స్. ఈ వయసులో నాకూ ఒకటి చేతనవునని తెలిసింది, బతికి చెడగొట్టకు. ఫైనల్స్ అయిన మర్నాడే నేనే వస్తాను.

ప్రాణం లేచొచ్చిన నీ అక్క,
నైరీ

తా.క. ఫోన్ చేసినప్పుడు మీ బావ ఎత్తితే పెట్టేసెయ్. నువ్వు పోయావనే అనుకుంటున్నారు. ముందు వరసలో కూచుని ఆయన వెక్కి వెక్కి ఏడిస్తేనే జడ్జీలు కరిగారు. ఫైనల్స్‌కీ అదే వరసలో టికెట్టు తీశాను.