అమ్మ కొన్న బ్యాటరీ

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇన్నాళ్లూ కదలక నీ అంబాసిడర్ బ్యాటరీ పాడైంది. కొత్తది కొనడానికి అమ్మా, చిన్నాయనా, నేనూ జనగామ వెళ్లాం. విసుగొచ్చింది బాపూ! చిన్నాయన లారీ బ్యాటరీయే కావాలని పట్టుబట్టాడు. బండిలో పట్టదంటే, "రేకు కోయిద్దాం తియ్" అన్నాడు. దుకాణదారేమో వాడేసినది అంటగట్టబోయాడు.

"అమ్ముకునే బండికి గిది చాలదా అక్కా?" అన్నాడు దుకాణదారు.

రోజూ నీ బండిని తిట్టుకునే అమ్మ గయ్యిమంది. "అమ్ముతనని నీకెవలు చెప్పిండ్రు? దీనికి సరిపోయే కొత్తదే ఇయ్యి. రేపటి సంది నా బిడ్డ నడుపుతది."

నాకు నడపడం రాదని తెలిసీ అంత మాటనేసింది!

ఇంటికొచ్చి బిగించాక బండి స్టార్టయింది. అమ్మ నన్ను నీ చోట కూర్చోబెట్టింది. నా కాళ్లకు బ్రేకు అందలేదు. నీ సీటు ముందుకు జరపడానికి మనసు రాక, అమ్మ నా వీపు వెనక దిండు పెట్టింది.