చేతికి తగిలిన పుస్తకం

లైబ్రేరియన్ కావ్య గారికి నమస్కారం.

కోళ్ల రోగాలు, వారసత్వ చట్టం, గ్రహణాలు, బావుల తవ్వకం. ఒకే కార్డు మీద ఇన్ని పొంతన లేని పుస్తకాలు ఎందుకని మొన్న మీరు అడిగారు. నా వెనక నలుగురు నిలబడి ఉంటే చెప్పలేకపోయాను.

ఆ కార్డు నా భార్య సుల్తానా బేగంది. రెండేళ్ల కిందట ఆమెకు చూపు పోయింది. మీకు ముందున్న రమాకాంత్ గారు ఆమెను బీరువాల దాకా రానిచ్చేవారు. అట్టలు తడిమి, లావు చూసి ఒకటి తీసుకునేది. అది ఏదైనా సరే ఇంట్లో నేను చదివి వినిపించాలి. కోళ్ల రోగాల పుస్తకం సగం చదవకుండానే దాటేసి అయిపోయిందని నేనంటే, పుస్తకం చేతిలో పట్టుకుని, "జర ఆగు. ఇంత లావుది అప్పుడే ఎట్ల ఒడిసింది?" అని నిలదీసింది.

ఇప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వకుండా, కావలసిన సబ్జెక్టు చీటీ మీద రాసివ్వమంటున్నారు. పోయిన వారం నేనే చీటీ మీద ‘కథలు’ అని రాసి ఒక పుస్తకం తెచ్చాను. రెండు పేజీలు విన్నది.

"ఇది నువ్వు ఏరినవ్ గదా. చీరె నువ్వే తెస్తవ్, కూరగాయలు నువ్వే ఏరుతవ్. పుస్తకమన్న నన్ను ఏరుకోనియ్యి" అన్నది.

ఆ పుస్తకం తిరిగి పంపుతున్నాను. కొత్త చీటీలో సబ్జెక్టు దగ్గర ఏమీ రాయలేదు. శనివారం ఆమెను తీసుకొస్తాను. నన్ను గేటు దగ్గరే ఆపండి, ఆమెను మాత్రం లోపలికి రానివ్వండి.

ఇట్లు,
సుల్తానా బేగం భర్త
నివాసం: సుబేదారి