లరూ పేరు రెండుసార్లు

మార్చి మూడు. పొద్దుటి నుంచి ఎర్రదుమ్ము గాలి. కోళ్లగూటి తలుపు బిగించాను.

థేన్,

ఎడారిలో అలల్లా చారలు తేలిన ఆ గీతలరాళ్ల దగ్గరికి నడిచివెళ్లే అనుమతి లాటరీలో మన దరఖాస్తులు రెండూ కొట్టేశారు. అదృష్టం లేక కాదు. నేను నా దరఖాస్తులో లరూ పేరు రాశాక నువ్వూ నీ దాంట్లో మీ అక్క పేరే రాశావు. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే రెండూ చెల్లవని ఈ ఊళ్లో బడిపిల్లలకూ తెలుసు. ఫోన్ చేస్తే, "అక్క కోసమే కదా బావా, రెండు చీట్లుంటే మంచిదేగా!" అని నవ్వావు.

ఈ ఎండాకాలం దాటితే ఆమెకు చూపు ఉండదని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. చిన్నప్పుడు మీ నాన్నతో పశువులను తోలుకెళ్లిన చోటి ఆ రాళ్లను ఒక్కసారి చూడాలంది, అంతే. అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు దేశమంతా చీటీలు వేస్తోంది.

"వాణ్ణి తిట్టకు. ఇద్దరు మొండివాళ్ల మధ్య నా కళ్లు ఇరుక్కున్నాయి," అని ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వచ్చే నెల మన ముగ్గురి పేర్లూ ఒకే దరఖాస్తులో నేనే రాస్తాను. నువ్వు వేలు పెట్టకు. ఆ ఇసుకలో ఆమెకు రెండో చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలి, అందుకే నీ పేరు.

గాలికి తీగ మీది దుప్పట్లు ఊడిపోతున్నాయి. లరూ గోడ తడుముకుంటూ బయటికి వెళ్లింది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోవాలి, ఇక్కడితో ఆపుతున్నా.