స్ప్రింక్లర్‌లో మిగిలిన నీళ్లు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నాంపల్లి ఇంటి ముందు పచ్చికకు నువ్వు పెట్టిన స్ప్రింక్లర్‌ను ఆ తర్వాత నేనెప్పుడూ తిప్పలేదు. వాడనప్పుడు చివరి మూత విప్పి గొట్టాల్లో మిగిలిన నీళ్లు బయటికి వదిలెయ్యమని నువ్వు చెప్పావు. నేను పట్టించుకోలేదు.

ఈ ఏడు దోమలు ముసిరాయి. పక్కింటి ఎలిజబెత్ అక్క నీళ్ల డ్రమ్ముల వల్లేనని వీధిలో అందరి ముందూ అరిచాను. ఆమె డ్రమ్ములన్నీ బోర్లించింది. అయినా దోమలు తగ్గలేదు.

నిన్న అబిడ్స్ నుంచి ప్లంబర్‌ను తీసుకొచ్చాను. మన పచ్చికలో స్ప్రింక్లర్ వాల్వు ఉన్న గుంత మీది రేకు ఎత్తితే, నల్లటి నీళ్లలో దోమపిల్లలు మెదులుతున్నాయి.

"పైపులల్ల నీళ్లు వదల్లేదా సార్? అవే కారుకుంట గీడ నిలిచినయ్. దోమలు గీడనే పుడుతున్నయ్," అన్నాడు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. వీధిలో అందరికీ చెబుతానని కూడా అన్నాను.

"ఎందుకు తమ్ముడూ, పోనియ్యి. జర చాయ్ తాగి పో," అన్నది.

ఆ మాటకు నా మనసు తేలికపడింది. ఇంకెవరికీ చెప్పనక్కర్లేదని సంతోషించాను. ఆ సంతోషానికే, అన్నయ్యా, ఇవాళ నీ ఫోటో ముందు తలెత్తలేకపోతున్నాను.