అవ్వ మెడ మీద చెయ్యి వేయకు

మల్లేశన్నకు,

షార్జా నుంచి నీ చెల్లె సమ్మక్క దండం పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. భూపాలపల్లిలో నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను. కురవిలో నాయిన మిర్చి కల్లం దగ్గరే పడుకుంటున్నాడట, దగ్గు తగ్గిందో లేదో కనుక్కో. మనల్ని కన్న అవ్వ బాగుందా అని మాత్రం అడగను. ఆమె బాగాలేదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి నీ దోస్తులకు వినిపించి నవ్వుతావు. కాగితానికి స్పీకర్ ఉండదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సెలవు మీద ఇంటికి వెళ్తున్న జఫర్‌గఢ్ ఐలయ్య బావ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండ సంగతి చెప్పడానికి లేదు. పొద్దున పంపు విప్పితే వేడినీళ్ళే వస్తాయి. గదిలో నాతో ఒక కేరళ అక్క, ఇద్దరు నేపాలీ పిల్లలు ఉంటారు. నేను పచ్చిపులుసు చేస్తే మొదట ముక్కు ముడుస్తారు, తర్వాత గిన్నె జరుపుతారు. శుక్రవారం పని ఉండదు. ఆ రోజే ఇల్లు ఎక్కువ గుర్తొస్తుంది, ఏడుపు కూడా వస్తుంది. అయినా నా గురించి రంది పెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను.

నేను చేసే చోటు చిరోప్రాక్టిక్ క్లినిక్ అని నీకు తెలుసు. చేత్తో నొక్కి, తిప్పి, వెన్నును సర్దే వైద్యం. నేను బల్లల మీద దుప్పట్లు మారుస్తాను, మన తెలుగువాళ్ళు వస్తే వాళ్ళ మాట వైద్యం చేసే మేడంకు హిందీలో చెబుతాను. నువ్వు మొన్న ఫోన్లో ఏమన్నావు? "గల్ఫుల దుప్పట్లు మార్చేదానివి, నాకు డాక్టరీ చెప్తున్నవా?" అన్నావు. అవును, దుప్పట్లే మారుస్తాను. ఆ బల్ల మీదికి ఎవరిని ఎక్కించారో, ఎవరిని ఎక్కనీయకుండా వెనక్కి పంపారో రోజూ చూస్తున్నాను.

నువ్వు దుకాణం గురించి అందరికీ పంపిన వీడియో చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బోరు మోటార్లు బాగుచేసుకుని బతికే మనిషివి. హైదరాబాద్‌లో ఎవడి దగ్గరో నాలుగు రోజులు నిలబడి చూసొచ్చి, బల్ల కొని, భూపాలపల్లిలో దుకాణం తెరుస్తున్నావు. బోర్డు మీద నడుం నొప్పి, షుగరు, ఆయాసం, పిల్లలు పక్క తడపడం, అన్నీ పోతాయని రాయించావు. పైన నా ఫొటో వేసి "ఎదురుకాళ్ల సమ్మక్క ఇంటి వైద్యం" అన్నావు. సిగ్గులేదా అన్నా? అది చాలక, ఆదివారం అందరి ముందు అవ్వ మెడ తిప్పి ఆమె చెయ్యి తిమ్మిరి పోగొడతానన్నావు. వెయ్యి మందిని చంపినవాడు అరవైద్యుడు అంటారు. నువ్వు ఇంట్లోనే మొదలుపెడుతున్నావు.

వెన్ను తిప్పినప్పుడు వచ్చే ఆ చప్పుడు విని జనం మోసపోతున్నారు, నువ్వూ మోసపోయావు. ఎముక జారిపోయి మళ్ళీ తన చోటికి వచ్చిన చప్పుడు కాదది. కీలులో జిగురు నీళ్ళుంటాయి, ఒక్కసారిగా సాగదీస్తే వాటిలో బుడగ పుట్టి టప్పుమంటుంది. మన నాయనమ్మ దిష్టి తీసేటప్పుడు కణతలకు చేతులానించి మెటికలు విరిచేది, యాదికుందా? ఎన్ని మెటికలు మోగితే అంత దిష్టి పోయిందనేది. నీ దుకాణంలో మోగేవీ ఆ మెటికలే. నాయనమ్మ దానికి బోర్డు పెట్టలేదు.

అలాగని మా మేడం చేసేదంతా ఉత్తదని అనను. నడుం పట్టేసి వంగలేని మనిషి లేచి నవ్వుకుంటూ పోవడం చూశాను. బిగుసుకున్న కండ వదులవుతుంది, నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది, మనిషికి కదలడానికి ధైర్యం వస్తుంది. చేసేది అంతే, రోజూ నడిచి కసరత్తు చేసినా చాలామందికి అంతే మేలు జరుగుతుందని మేడమే చెబుతుంది. షుగరు పోదు, ఆయాసం పోదు. మెడ దగ్గర మాత్రం ఆమెకే భయం. మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే నరాలు మెడ ఎముకల గుండానే పైకి పోతాయట. గట్టిగా తిప్పితే ఎప్పుడో ఒకరికి అవి చిట్లి పక్షవాతం వస్తుందట. అరుదే, కానీ వచ్చినవాళ్ళకు అరుదు అని చెబితే చెయ్యి లేస్తుందా? మోటారు కాలిపోతే కాయిల్ మళ్ళీ చుడతావు. మెడలో ఏం చుడతావు?

పోయిన నెల మన దిక్కు మనిషే ఒకాయన వచ్చాడు, టైల్స్ పని చేస్తాడు. చేతులు తిమ్మిరి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు, తాపీ జారిపోతోంది. "ఒక్కసారి మెడ తిప్పుమని చెప్పక్కా, గా చప్పుడు ఇనబడితె చాలు" అని నన్ను బతిమాలాడు. మేడం అతన్ని నడిపించి చూసింది, చేతులు పట్టుకుని చూసింది. బల్ల ఎక్కనీయలేదు. స్కానింగ్‌కు రాసి పెద్దాసుపత్రికి పంపింది. అతను నన్ను కూడా తిట్టుకుంటూ పోయాడు. మెడలో వెన్నుపాము నలుగుతోందని తేలింది, ఆపరేషన్ చేశారు. ఆ రోజు తిప్పి ఉంటే కాళ్ళు కూడా పోయేవేమో అంది మేడం.

అదే వారం, అవ్వ మీ ఇంటికి వచ్చినప్పుడు, వీడియో కాల్‌లో నీళ్ళ చెంబు ఎత్తింది. చెంబు జారి పడింది. ఆమె నవ్వి, తడి చెయ్యి అని చెప్పింది. తడి లేదు, నేను చూశాను. తర్వాత రవిక హుక్కులు వదిన పెడుతోందని తెలిసింది. నువ్వు పక్కనే ఉండి ఇవేవీ చూడలేదు. చూసి ఉంటే దాన్నీ వీడియో తీసేవాడివేమో.

మెడ తిప్పించుకోకని అవ్వతో చెబితే, "నీ కాలు దూరమాయె బిడ్డా. కొడుకు చెయ్యన్న దగ్గరున్నది గదా" అంది. ఎదురుకాళ్ళతో పుట్టినదాన్నని ఊరంతా నడుం పడితే నా దగ్గరికే వచ్చేవారు. పరగడుపున బోర్లా పడుకునేవారు, నేను గోడ పట్టుకుని కాలితో మెల్లగా నడుం తొక్కేదాన్ని. పట్టు చాలాసార్లు దానంతట అదే వదిలేది, పేరు నా కాలికి వచ్చేది. ఆ పేరే నువ్వు బోర్డుకెక్కించావు. కానీ ఆ కాలికి నాయనమ్మ పెట్టిన కట్టుబాటు మరిచిపోయావు.

తాటిచెట్టు మీది నుంచి పడ్డ కొమురయ్య తాతను మంచం మీద మన వాకిట్లోకి మోసుకొచ్చారు కదా. నువ్వూ ఉన్నావు. నాయనమ్మ నాకు అడ్డంగా నిలబడింది.

"పడ్డోన్ని తొక్కిపిస్తరారా? బండి కట్టుండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి" అంది. వాళ్ళు పోయాక నా కాలు పట్టుకుని చెప్పింది: "నడుం దాటి పైకి పోకు బిడ్డా. మెడల పానం ఉంటది."

చదువు లేని ముసలామెకు ఎక్కడ ఆగాలో తెలుసు. సముద్రం అవతల చదువుకున్న మేడంకూ తెలుసు. నీకే తెలియలేదు.

ఇంకొక్క మాట. నువ్వు ఆగుతావని నేను నమ్మలేదు. అందుకే ఈ ఉత్తరం ముందు నీకివ్వవద్దని ఐలయ్య బావకు చెప్పాను. విమానం దిగి జనగామ మీదుగా నేరుగా కురవిలో అవ్వ దగ్గరికి వెళ్తాడు. నాయినకు చెప్పాను, సరేనన్నాడు. అవ్వకు నాయనమ్మ మాట యాది చేశాను. "మా అత్త ఉంటె ఒప్పకపోవు. దవాఖానకే పోత" అంది. ఈ కాగితం నీ చేతికి వచ్చిందంటే, ఐలయ్య బావ అవ్వను వరంగల్ పెద్ద దవాఖానలో దించి నీ దగ్గరికి వచ్చాడన్నమాట.

బోర్డు మీద నా ఫొటో ఇవాళే తీసెయ్. బొగ్గుబాయి పని చేసి నడుం పోయినవాళ్ళు నీ మాట నమ్మి వస్తారు, వాళ్ళకూ ఇళ్ళలో అమ్మలున్నారు. వదినను అడిగానని చెప్పు. బావ తిరిగొచ్చేటప్పుడు ఎల్లిపాయకారం కొంచెం పంపమను, ఇక్కడి కారానికి కారమే లేదు. పిల్లలకు నా ముద్దులు. నాయిన కాళ్ళకు, అవ్వ కాళ్ళకు మొక్కుతున్నాను. చిన్నదాన్ని కాబట్టి నీ కాళ్ళకూ మొక్కుతున్నాను, కోపం మాత్రం అలాగే ఉంది.

ఐలయ్య బావ బండి బయటే ఆగి ఉంటుంది. ఎక్కి అవ్వ దగ్గరికి పో. చెంబు పట్టుకోలేని చెయ్యి కుడిచెయ్యి, గుర్తుపెట్టుకుని ఆ పక్కన కూర్చో.

నీ చెల్లె,
సమ్మక్క